అక్షరం ఆలస్యంగా పడుతోంది: నాలుగు వర్చువల్ మెషీన్ల మరమ్మతు డైరీ

మొదటి రోజు, సోమవారం

విజయవాడలోని మా డీటీపీ కేంద్రంలో పాత కంప్యూటర్లు ఒకదాని తరువాత ఒకటి మూలపడడంతో, కిందటి నెల వాటి స్థానంలో ఒకే సర్వరు పెట్టి, దానిలో నాలుగు విండోస్ 10 ప్రో వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే యంత్రం లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేరువేరు కంప్యూటర్లు, నడపడం మొదలుపెట్టాను. ప్రచురణకర్తలు పునర్ముద్రణకు పంపే పాత పుస్తకాలు ఇప్పటికీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం, తెలుగు అను ఫాంట్ల ఫైళ్ళుగానే వస్తాయి కనుక మాకు విండోస్ తప్పదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ముగిసినందువల్ల ఈ మెషీన్లకు బయటి ఇంటర్నెట్ ఇవ్వలేదు. ఆఫీసు బయట ఉన్న ఆపరేటర్లు వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్ కట్టే రహస్య సొరంగం (వీపీఎన్) గుండా మాత్రమే వీటిలోకి వస్తారు. సర్వరులో 6 కోర్ల ప్రాసెసర్, 32 జీబీ మెమరీ, 1 టీబీ ఎస్ఎస్‌డీ ఉన్నాయి. దాని మీద డెబియన్ లినక్స్, ఆపైన వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎం.

మా సీనియర్ ఆపరేటర్‌ను మేమందరం అక్క అనే పిలుస్తాము. ఆమె ఇప్పుడు తెనాలిలోని తన ఇంటి నుంచి పని చేస్తున్నారు. ఈ ఉదయం ఫోన్ చేసి, "నొక్కింది పడిందో లేదో తెలియట్లేదు బాబూ, మళ్ళీ నొక్కితే రెండు వత్తులు పడుతున్నాయి" అన్నారు. ఇది చిన్న ఇబ్బంది కాదు. అను ఫాంట్లలో అక్షరం యూనికోడ్‌లో లాగా తనంతట తాను కూడుకోదు. అక్షరం, గుణింతపు గుర్తు, వత్తు విడివిడి ముక్కలుగా పేర్చబడతాయి. "రాష్ట్రం" అని కొట్టేటప్పుడు ట వత్తు తెర మీద కనిపించడానికి అర సెకను పడితే, చెయ్యి అలవాటు ప్రకారం ఆ వత్తును మళ్ళీ కొడుతుంది. తరువాత రెండూ ఒకదాని మీద ఒకటి పడి, తెర మీద ఒకటిగానే కనిపించి, ముద్రణ ప్లేటు దాకా వెళ్ళినా పట్టుబడవు.

ఇంతకుముందు ఇటువంటి ఫిర్యాదు వస్తే చేతికి అందిన అమరికలన్నీ ఒకేసారి మార్చేవాణ్ణి. బాగుపడితే ఎందువల్ల బాగుపడిందో తెలిసేది కాదు. ఈసారి ముందుగా కొలవాలని నిశ్చయించుకున్నాను. మెషీన్ నెమ్మదిగా ఉండడం, తెర వెనకబడడం అనేవి రెండు వేరువేరు జబ్బులు కాబట్టి రెండు కొలతలు పెట్టుకున్నాను. ఒకటి, 212 పేజీల ఒక పుస్తకం ఫైలు తెరుచుకోవడానికి పట్టే కాలం. రెండవది, మీట నొక్కినప్పటి నుంచి అక్షరం తెర మీదికి వచ్చేదాకా పట్టే కాలం. రెండవదాన్ని గడియారంతో కొలవలేము. అందుకే ఫోన్‌ను స్టాండు మీద పెట్టి, కీబోర్డు, తెర రెండూ కనిపించేలా సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీసి, మీట అడుగుకు తాకిన ఫ్రేము నుంచి అక్షరం కనిపించిన ఫ్రేము దాకా లెక్కపెట్టాను. ఒక్కొక్క ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. పదిసార్లు తీసి మధ్య విలువ తీసుకున్నాను.

ఇంకా బతికి ఉన్న ఒక పాత కంప్యూటరులో 20 ఫ్రేములు, అంటే సుమారు 83 మిల్లీసెకన్లు వచ్చాయి. మా ఆఫీసులోనే కేబుల్ మీద వర్చువల్ మెషీన్‌లో 60 ఫ్రేములు, 250 మిల్లీసెకన్లు. తెనాలిలో అక్కగారి అబ్బాయి చేత తీయించిన వీడియోలో 118 ఫ్రేములు, దాదాపు 490 మిల్లీసెకన్లు. పుస్తకం పాత కంప్యూటరులో 19 సెకన్లలో తెరుచుకుంటే, వర్చువల్ మెషీన్‌లో 52 సెకన్లు తీసుకుంది. ఈ అంకెలు చేతికి రాగానే దారి స్పష్టమైంది. ఆలస్యంలో సగం మా గదిలోనే ఉంది, మిగిలిన సగం తెనాలి దారిలో ఉంది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేద్దామని తీసిన చెయ్యిని వెనక్కి తీసుకున్నాను.

రెండవ రోజు, మంగళవారం

హోస్ట్ మీద, అంటే అసలు సర్వరు మీద, మెమరీ లెక్కలు చూపే వీఎంస్టాట్ నడిపి చూస్తే స్వాప్‌లోకి (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు భాగంలోకి) వెళ్ళే, వచ్చే అంకెలు సున్నా దగ్గర నిలవడం లేదు. నాలుగు మెషీన్లకు తలా 8 జీబీ ఇచ్చాను. మొత్తం 32 జీబీ అక్కడికే సరిపోయింది, హోస్ట్‌కు ఏమీ మిగలలేదు. గెస్ట్, అంటే వర్చువల్ మెషీన్, లోపలి నుంచి చూస్తే విండోస్‌కు ఈ సంగతి తెలియదు. తనకు ఖాళీ మెమరీ పుష్కలంగా ఉందనే అనుకుంటుంది. కానీ ఆ మెమరీలో కొంత భాగాన్ని హోస్ట్ అప్పటికే డిస్కు మీదికి నెట్టేసి ఉంటుంది. పేజ్‌మేకర్ 32 బిట్ల ప్రోగ్రాం కాబట్టి సాధారణంగా 2 జీబీకి మించి తీసుకోలేదు. తలా 5 జీబీకి తగ్గించాను. స్వాప్ ఆగిపోయింది.

ప్రాసెసర్ల విషయంలోనూ నా పొరపాటే బయటపడింది. ఎక్కువ ఇస్తే వేగం పెరుగుతుందని ఒక్కొక్క మెషీన్‌కు 6 వర్చువల్ ప్రాసెసర్లు ఇచ్చాను. అయితే అవి ఎలా అమరి ఉండాలో (టోపాలజీ) రాయకపోవడంతో, ఈ మెషీన్లను నిర్వహించే లిబ్‌విర్ట్ వాటిని ఆరు వేర్వేరు సాకెట్లుగా, అంటే ఆరు విడి ప్రాసెసర్ చిప్పులుగా, చూపించింది. విండోస్ 10 ప్రో రెండు సాకెట్లకు మించి వాడుకోదు. ఇచ్చిన ఆరింటిలో నాలుగు ఊరికే పడి ఉన్నాయన్నమాట. టాస్క్ మేనేజర్ తెరిచి సాకెట్ల గడి చూసి ఉంటే మొదటి రోజే తెలిసేది. ఒక సాకెట్, దానిలో 3 కోర్లు అని రాసి మళ్ళీ మొదలుపెట్టాను. పుస్తకం 52 నుంచి 40 సెకన్లకు దిగింది. అక్షరం మాత్రం 60 నుంచి 56 ఫ్రేములకే తగ్గింది.

మూడవ రోజు, బుధవారం

ఈ రోజంతా డిస్కు మీదే గడిచింది. విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దానిలో విర్ట్‌ఐఓ (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన పరికరాల రకం) డ్రైవర్లు ఉండవు కాబట్టి, అమరిక సాధనం డిస్కును సాటా రకంగా, నెట్‌వర్కు కార్డును ఇంటెల్ ఈ1000ఈ రకంగా చూపించింది. ఇవి రెండూ నిజమైన పరికరాలను అనుకరించేవి. గెస్ట్ ఆ నకిలీ పరికరపు రిజిస్టరులో ఏదైనా రాసిన ప్రతిసారీ ప్రాసెసర్ గెస్ట్‌ను వదిలి హోస్ట్‌లోకి వచ్చి, ఆ పరికరం ఉంటే ఏమి చేసేదో లెక్కగట్టి, తిరిగి లోపలికి వెళ్ళాలి. విర్ట్‌ఐఓలో అనుకరణ లేదు. తాను వర్చువల్ మెషీన్‌లో ఉన్నానని గెస్ట్‌కు తెలుసు. అడగవలసినవన్నీ ఉమ్మడి మెమరీలోని ఒక వరుసలో పేర్చి, ఒక్కసారి తలుపు తడుతుంది.

బూట్ డిస్కు రకాన్ని నేరుగా మార్చితే, డ్రైవర్ లేని విండోస్ తన డిస్కును తానే కనుక్కోలేక నీలి తెర చూపించి ఆగిపోతుంది. దీనికి పాతకాలం నుంచి ఉన్న ఉపాయం పనిచేసింది. ముందు 1 జీబీ ఖాళీ డిస్కు ఒకటి విర్ట్‌ఐఓ రకంగా రెండవ డిస్కుగా తగిలించి, మెషీన్‌ను మామూలుగా లేపి, ఫెడోరా వాళ్ళ విర్ట్‌ఐఓ డ్రైవర్ల ఐఎస్ఓ నుంచి డ్రైవర్ ఎక్కించి, డివైస్ మేనేజర్‌లో ఆ చిన్న డిస్కు కనిపించేదాకా ఆగాను. తరువాత మెషీన్‌ను పూర్తిగా ఆపి, అసలు డిస్కును కూడా విర్ట్‌ఐఓకు మార్చి, చిన్నదాన్ని తీసేశాను. మొదటి మెషీన్ లేచేదాకా మనసు కుదుటపడలేదు, ఎందుకంటే దానిలో వచ్చే వారం ముద్రణకు వెళ్ళవలసిన రెండు పుస్తకాలు ఉన్నాయి. వాటి కాపీ వేరేచోట ఉన్నా సరే. నాలుగూ క్షేమంగా లేచాయి. నెట్‌వర్కు కార్డులనూ మార్చాను.

ఇది అయ్యాక కూడా పదకొండు గంటలకు ఒక అరగంట పాటు అన్ని మెషీన్లూ మొరాయించాయి. డిస్కు పని చూపే ఐఓస్టాట్‌లో నిరీక్షణ కాలం 2, 3 మిల్లీసెకన్ల నుంచి 80 దాటింది. ఆ వేళకు బ్యాకప్ పని నడుస్తోంది. పైగా అది అదే ఎస్ఎస్‌డీ మీద రాస్తోంది. చవక ఎస్ఎస్‌డీలు మొదట వచ్చే రాతలను వేగంగా ఉండే ఒక చిన్న భాగంలో దాచుకుంటాయి. అది నిండాక అసలు వేగానికి దిగిపోతాయి. పెట్టె మీద రాసిన వేగం ఆ చిన్న భాగానిదే. బ్యాకప్‌ను వేరే డిస్కు మీదికి, రాత్రి 1.30కి మార్చాను. ఎప్పటివో తొమ్మిది స్నాప్‌షాట్లు (డిస్కు పాత స్థితుల నకళ్ళు) గొలుసుగా పేరుకుని ఉంటే వాటిని కూడా కలిపేశాను. ప్రతి చదువుకూ ఆ గొలుసు వెంట వెతకవలసిన అవసరం తప్పింది.

పుస్తకం 23 సెకన్లలో తెరుచుకుంది. పాత కంప్యూటరుకు చాలా దగ్గరకు వచ్చాము. అక్షరం మాత్రం 54 ఫ్రేములు. మెషీన్ జబ్బు దాదాపు నయమైనా తెర జబ్బు అలాగే ఉండడం మొదటి రోజు వేసిన విభజన సరైనదేనని నాకు ధైర్యం ఇచ్చింది.

నాలుగవ రోజు, గురువారం

మెషీన్లలో ఎవరూ పని చేయని వేళలో, ఏ ప్రోగ్రాం ఎంత ప్రాసెసర్ తింటోందో చెప్పే టాప్ చూశాను. ఏ పనీ లేని విండోస్ మెషీన్ ఒక్కొక్కటి హోస్ట్ కోర్‌లో 25 శాతానికి పైగా తింటోంది. ఇది కేవీఎం మీద విండోస్ 10 నడిపేవారికి పరిచయమైన లక్షణమే. విండోస్ తన గడియారాన్ని సరిచూసుకోవడానికి సెకనుకు ఎన్నోసార్లు టైమర్‌ను కదిలిస్తుంది. ఆ టైమర్ అనుకరించినదైతే ప్రతి కదలికకూ గెస్ట్ నుంచి బయటికి రావలసిందే. మైక్రోసాఫ్ట్ తన సొంత వర్చువల్ మెషీన్ల వ్యవస్థ హైపర్‌వీ కోసం విండోస్‌లో పెట్టిన చవకైన దారులను కేవీఎం కూడా చూపించగలదు. మా అమరికలో వాటిలో కొన్ని మాత్రమే ఉన్నాయి. హైపర్‌వీ గడియారం ఉంది. కృత్రిమ టైమర్, దానికి అవసరమైన కృత్రిమ ఇంటరప్ట్ కంట్రోలర్, దానికీ ముందు కావలసిన వర్చువల్ ప్రాసెసర్ సూచిక లేవు. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఆధారపడినవి కాబట్టి కలిపే పెట్టాలి. పెట్టి, హెచ్‌పీఈటీ అనే అనుకరించిన టైమర్‌ను తీసేశాను. ఖాళీగా ఉన్న మెషీన్ వాడకం 4 శాతానికి పడిపోయింది. సర్వరు ఫ్యాను చప్పుడు కూడా తగ్గింది. అక్షరం 46 ఫ్రేములకు వచ్చింది. అంటే నాలుగు మెషీన్లూ ఊరికే కాల్చిన శక్తి తెర పంపే పనికి అడ్డుపడుతోందన్నమాట.

అయిదవ రోజు, శుక్రవారం

ఇంతవరకూ ఆపరేటర్లు మెషీన్ల కన్సోల్‌ను, దూరపు తెరను చూపే వీఎన్‌సీ ద్వారా చూస్తున్నారు, ఎందుకంటే ఏర్పాటు చేయడం తేలిక. కేంబ్రిడ్జ్‌లోని ఒలివెట్టి పరిశోధనశాలలో పుట్టిన వీఎన్‌సీ పద్ధతి చాలా సరళమైనది. అటువైపు తెర ఒక చుక్కల పటం. ఇటువైపు వీక్షకుడు మార్పులు పంపమని అడుగుతాడు. సర్వరు మారిన దీర్ఘచతురస్రాలను పంపుతుంది. విండోస్ లోపల ఏమి గీస్తోందో హోస్ట్‌కు తెలియదు, చుక్కలు మారాయని మాత్రమే తెలుసు. 1920 చుక్కల వెడల్పు, 1080 ఎత్తు, చుక్కకు 4 బైట్లు వేసుకుంటే ఒక్క తెర సుమారు 83 లక్షల బైట్లు. మా ఆఫీసు అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ కనుక కుదించకుండా పంపితే ఒక్క తెరకే ఒకటిన్నర సెకనుకు పైగా పడుతుంది. కుదింపు ఉన్నా, పేజీ జరిపినప్పుడు దాదాపు తెర మొత్తం మారుతుంది.

విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి ఆర్‌డీపీ విండోస్ లోపలే కూర్చుంటుంది కాబట్టి ఏది కదిలింది, ఏది కొత్తది, ఏది ఇదివరకే పంపిన బొమ్మ అన్నది దానికి తెలుసు. మెషీన్లన్నిటిలో రిమోట్ డెస్క్‌టాప్ తెరిచాను. ఇంకో లాభం అనుకోకుండా కలిగింది. వీఎన్‌సీ మామూలుగా మీటను "ఈ అక్షరం" అని పంపుతుంది. ఆర్‌డీపీ "ఫలానా స్థానంలోని మీట" అని పంపుతుంది. అను కీబోర్డు అమరికలకు కావలసింది స్థానమే. షిఫ్ట్‌తో కొట్టే కొన్ని అక్షరాలు అప్పుడప్పుడు తారుమారవుతున్నాయని అక్క ఇదివరకు చెప్పిన ఫిర్యాదు దీనితోనే తీరిపోయింది.

తెర బరువు తగ్గించడానికి వాల్‌పేపర్, యానిమేషన్లు, నీడలు తీసేశాను. ఫాంట్ల నునుపును కూడా తీసేసి చూశాను గాని గంటలోనే తిరిగి పెట్టవలసి వచ్చింది. నునుపు లేకపోతే పన్నెండు పాయింట్ల తెలుగులో "ప" తలకట్టు కింది సందు మూసుకుపోయి "వ" లాగా కనిపిస్తోంది. వత్తుల తోకలు విరిగిపోతున్నాయి. రిమోట్ తెర వేగం గురించి ఇచ్చే సలహాలలో నునుపు తీసేయమనేది మొదట ఉంటుంది. ఇంగ్లీషుకు అది చెల్లుతుందేమో గాని, ప్రూఫు చూసే తెలుగు కళ్ళకు అది నష్టమే. ఆ నాలుగు మిల్లీసెకన్లను మరో చోట సంపాదించుకోవచ్చు.

ఆఫీసులో 27 ఫ్రేములు, అంటే సుమారు 112 మిల్లీసెకన్లు వచ్చాయి. ఇక్కడ పని ముగిసినట్టే. తెనాలిలో 84 ఫ్రేములు. అయితే అక్కడ కొత్త బాధ మొదలైంది. లాగిన్ తెర వెంటనే వస్తుంది, ఆ తరువాత డెస్క్‌టాప్ రావలసిన చోట నల్లగా నిలిచిపోతుంది. పది, పదిహేను సెకన్లకు కోలుకుంటుంది, లేదా తెగిపోతుంది.

ఆరవ రోజు, శనివారం

చిన్నవి వెళ్ళి పెద్దవి ఆగిపోతున్నాయంటే ప్యాకెట్ పరిమాణాన్ని అనుమానించాలి. వైర్‌గార్డ్ మామూలుగా 1420 బైట్ల ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) పెట్టుకుంటుంది. సొరంగం ఇంటర్నెట్ చిరునామాల పాత పద్ధతి ఐపీవీ4 మీద నడిస్తే దానికి 60 బైట్ల తొడుగు చేరుతుంది, కొత్తదైన ఐపీవీ6 మీద 80. మా ఆఫీసు కనెక్షన్ పీపీపీఓఈ (ప్రతి ప్యాకెట్‌లో 8 బైట్లు తనకే వాడుకునే రకం) కాబట్టి మా దారిలో పట్టేది 1500 కాదు, 1492. ఐపీవీ4 అయితే 1480తో నిక్షేపంగా వెళ్ళేది. కానీ మా కనెక్షన్‌లో ఐపీవీ4 చిరునామా అనేకమంది చందాదారులకు ఉమ్మడిది. బయటి నుంచి దానికి చేరలేము. అందుకే నేను సొరంగాన్ని ఐపీవీ6 చిరునామాకు కట్టాను. 1420కి 80 కలిపితే 1500, ఎనిమిది బైట్లు ఎక్కువ.

ఐపీవీ6లో మధ్య రౌటర్లు ప్యాకెట్లను ముక్కలు చేయవు. పెద్దదైందని పంపినవారికి ఐసీఎంపీ అనే హెచ్చరిక సందేశం మాత్రం పంపుతాయి. ఆ సందేశాలను మా రౌటర్ ఫైర్‌వాల్‌లో భద్రత పేరుతో నేనే ఆపి ఉంచాను. పంపినవాడికి కబురు అందదు, ప్యాకెట్ చేరదు. అక్కగారి లాప్‌టాప్ నుంచి ముక్కలు చేయవద్దన్న షరతుతో పింగ్ పంపించి చూశాము: చిన్న బరువుతో జవాబు వస్తోంది, 1392 బైట్లతో రావడం లేదు. దీనికి 28 బైట్ల శీర్షికలు కలిపితే 1420. అనుమానం నిజమేనని తేలింది. సొరంగం రెండు చివరలా ఎంటీయూను 1412కు తగ్గించి, ఐసీఎంపీ సందేశాలను వదిలాను. నల్ల తెర మళ్ళీ రాలేదు.

ఏడవ రోజు, ఆదివారం

విజయవాడకు తెనాలి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. గాజు తీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక రానూ పోనూ అర మిల్లీసెకను కూడా పట్టకూడదు. పింగ్ చూపిస్తున్నది 31 మిల్లీసెకన్లు. ప్యాకెట్ వెళ్ళే దారి చూపే ట్రేస్‌రూట్‌లో చూస్తే మా మాట పక్క ఊరికి చేరడానికి ముందు దూర నగరాల చుట్టూ తిరుగుతోంది. రెండు కనెక్షన్లూ వేరువేరు కంపెనీలవి. ఇది నా చేతిలో లేదు.

నా చేతిలో ఉన్నది మరొకటి కనిపించింది. పింగ్‌ను నడుస్తూ ఉండనిచ్చి, ఆఫీసు ఫైళ్ళ కంప్యూటరు నుంచి ఒక పుస్తకపు పీడీఎఫ్‌ను ప్రెస్సుకు పంపడం మొదలుపెట్టగానే 31 కాస్తా 460కి ఎగబాకింది. రౌటర్‌లో పెద్ద నిలవ వరుస ఉండి, పీడీఎఫ్ దానిని నింపేస్తుంటే, అక్క కొట్టిన అక్షరపు బొమ్మ ఆ వరుస చివర నిలబడుతోంది. అక్క తెరకు వెళ్ళే సమాచారమంతా మా అప్‌లోడ్ మీదుగానే పోవాలి. మేము మాత్రం ఎప్పుడూ డౌన్‌లోడ్ వేగాన్నే చూసుకుంటాము. కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ 2012లో ప్రకటించిన కోడెల్ పద్ధతి ఈ జబ్బుకే పుట్టింది. వరుస ఎంత పొడవుందని కాక, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని చూస్తుంది. దాని నుంచి వచ్చిన ఎఫ్‌క్యూ కోడెల్ ప్రతి ప్రవాహానికీ వేరే వరుస ఇస్తుంది. మా రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం చేసిన లినక్స్) ఉంది కాబట్టి దీన్ని పెట్టి, అప్‌లోడ్ హద్దును 40లో 36 ఎంబీపీఎస్ దగ్గర బిగించాను. హద్దు కాస్త తక్కువగా పెడితేనే నిలవ అవతలి పెట్టెలో కాక మన పెట్టెలో ఏర్పడుతుంది, అప్పుడే దాన్ని అదుపు చేయగలము. పీడీఎఫ్ వెళ్తున్నప్పుడు కూడా పింగ్ 45 దాటలేదు.

ఆర్‌డీపీకి టీసీపీతో పాటు, పోయిన ప్యాకెట్ కోసం ఆగని యూడీపీ దారి కూడా ఉంది. మా ఫైర్‌వాల్‌లో ఆర్‌డీపీ వాడే 3389 పోర్టుకు టీసీపీ మాత్రమే తెరిచి ఉంటే యూడీపీని కూడా సొరంగం లోపల తెరిచాను. అక్కగారి అబ్బాయి రౌటర్ నుంచి బల్ల దాకా కేబుల్ లాగాడు. వైఫైలో అప్పుడప్పుడు కనిపించిన ఎగుడుదిగుళ్ళు దానితో పోయాయి.

ఎనిమిదవ రోజు, సోమవారం

అక్కతో మళ్ళీ వీడియో తీయించాను. 36 ఫ్రేములు, 150 మిల్లీసెకన్లు. 118 నుంచి ఇక్కడికి వచ్చాము. పాత కంప్యూటరు 20తో పోల్చితే తేడా ఇంకా ఉంది, 31 మిల్లీసెకన్ల దారి ఉన్నంతకాలం ఉంటుంది కూడా. అక్కను సంయుక్తాక్షరాలు ఎక్కువగా ఉన్న ఒక పేజీ కొట్టమన్నాను. లక్ష్మి, రాష్ట్రం, స్వాతంత్ర్యం, వైశిష్ట్యం ఉన్న పేజీ అది. కొట్టాక, రెండు వత్తులు పడ్డ చోట్లు దొరుకుతాయేమోనని ఒక్కొక్క అక్షరాన్నీ చెరిపి చూశాము. ఒక్కటి కూడా లేదు. "చెయ్యి ఆగట్లేదు బాబూ, ఇప్పుడు బాగుంది" అని, వెంటనే, "బొమ్మలున్న పేజీ కిందికి జరిపితే మాత్రం ఇంకా ఈడుస్తోంది" అన్నారు.

ఆ పేజీలో 300 డీపీఐ టిఫ్ బొమ్మలు నాలుగు ఉన్నాయి. పేజ్‌మేకర్‌లో బొమ్మలను తక్కువ నాణ్యతతో చూపించే అమరిక ఉంది. రేపు ఉదయం ఆ అమరికతో ఒకసారి, లేకుండా ఒకసారి వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టాలి. పాత కంప్యూటరును అప్పటిదాకా బల్ల కిందే ఉంచుతున్నాను.